దరఖాస్తులో ఆరో గడి

ప్రొద్దుటూరు,
26-4-1959

ఖాదర్ మామకు,
సిద్దయ్య నమస్కారాలు.

పరీక్షలు అయిపోయినాయి మామా. ఎట్ల రాసినావని మాత్రం అడగొద్దు. లెక్కల పేపరు బయటికొచ్చి సరిచూసుకుంటే అన్నీ ఒప్పే. అయినా ఆ పొద్దు నుంచి అన్నం సరిగా పోవడం లేదు. తప్పులుంటే వాటికి భయపడొచ్చు. ఏమీ లేకుంటే దేనికి భయపడాలో తెలియక అన్నిటికీ భయపడతాన్నా.

సెలవులకు హాస్టలు మూసేసినారు. బజారులో ఒక బట్టలంగట్లో తానులు మడతపెట్టే పనికి కుదిరినా. నిన్న హెడ్మాస్టరు గారు అక్కడికే కబురు పంపి పిలిపించినారు. "ఎస్సెల్సీతో ఆగిపోతావా, పీయూసీ చదువుతావా?" అన్నారు. చదువుతానన్నా. "ఏ కాలేజీ?" అన్నారు. తిరుపతి అయితే యూనివర్సిటీ ఉన్న ఊరు, మంచి పేరు అంటారాయన. కడప దగ్గర. అనంతపురంలో లెక్కలు బాగా చెప్తారని మా సారు అంటారు. నేను మూడూ చూడలేదు. చూడని ఊళ్లలో నుంచి ఒకటి ఏరుకోమంటే ఎట్ల ఏరుకోవాలి?

నాన్ననే అడగాలి. అడగాలంటే నువ్వే దిక్కు. పులివెందులలో అమ్మ దగ్గరికి రాస్తే ఆయన అక్కడ ఉండడు. మంద ఈ వారం ఒక ఊళ్లో, వచ్చే వారం ఇంకో ఊళ్లో. సంతకు వచ్చి నీ కుట్టుమిషను పక్కన కూర్చుంటేనే నా సంగతులు ఆయన చెవిన పడేది. ఈసారి వచ్చినప్పుడు నిదానంగా చదివి వినిపించు. కాలేజీకి పోవడం ఆయనకు ఇష్టమేనా, మందకు మనిషి తక్కువైతాడని లోపల ఏమైనా ఉందా, అది కూడా కనుక్కో.

ఇంకొక మాట. ఆయన ప్రొద్దుటూరు రావాలనుకుంటే ముందుగా జాబు రాయించు. అంగడి దగ్గరికి రానక్కరలేదు, బస్టాండుకు నేనే వస్తా.

ఇట్లు,
సిద్దయ్య

---

జమ్మలమడుగు,
11-5-1959

అల్లుడు సిద్దయ్యకు ఖాదర్ మామ దువా చేసి రాసేది.

ఊరందరి జాబులకూ "ఇచ్చట క్షేమం, అచ్చట క్షేమము తెలియజేయవలెను" అని రాసి రాసి నా చెయ్యి అరిగిపోయింది. నీకు రాసేటప్పుడైనా ఆ బరువు దించుకుంటా. మేం బాగుండాం. నువ్వు అన్నం తిను.

బేస్తవారం సంతకు మీ నాయన వచ్చినాడు. మంద పెద్దముడియం దగ్గర ఒక రెడ్డి చేలో నిలిపినారంట. రాత్రికి గొర్లు ఎరువు కోసం ఆ చేలో పడుకోవాల, తెల్లారి రెడ్డి గింజలు కొలవాల. ఆ బేరం కుదుర్చుకుని, చేతులు కడుక్కుని, నా దగ్గర కూర్చుని "సదువు" అన్నాడు. చదివినా. చూడని ఊరు ఎట్ల ఏరుకోవాలని నువ్వు అడిగిన చోట ఆపమన్నాడు.

"వాడు అడిగింది న్యాయమే ఖాదరూ. మంద తోలేముందు ఒకడు పోయి మేత, నీళ్లు, నీడ చూసొస్తాడు గదా. సూడకుండా గొర్లనే తోలం, కొడుకును యాడికో ఎట్ల తోల్తాం?" అన్నాడు.

ఏదో మాటకు అన్నాడనుకున్నా. ఆ సాయంత్రమే మందను వాళ్ల తమ్మునికి ఒప్పజెప్పి తాడిపత్రి బస్సెక్కినాడంట! నాలుగో రోజు మళ్లా నా అంగడి ముందర తేలినాడు. ఇప్పుడు ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తాండా, ఒక్క మాట నాది లేదు.

"ఒరే సిద్దా. లెక్కలు బాగా సెప్తారంటివే, ఆ అనంతపురం పొయ్యొచ్చినా. కాలేజి శానా పెద్దది. బాయి నీళ్లు తాగి సూసినా, బాగుండాయి. సెట్లుండాయి, నీడుంది. గేటు కాడుండే మనిషిని అడిగినా, ఈడ పిల్లోల్లను కొడతారా అని. నవ్వినాడు. కొట్టరంట. పిల్లోల్లు సంకలో బుక్కులు పెట్టుకుని సక్కగా వస్తాండారు, సక్కగా పోతాండారు. ఒకడు నన్ను సూసి పక్కకు జరిగి దోవ ఇచ్చినాడు. ఆడికి పో. మందకు మనిషి తక్కువైతాడని నువ్వు అనుకోవద్దు. నిన్ను మందకు అనుకునింటే బళ్లో ఎందుకేస్తా?"

ఇది ఆయన మాట. ఇక నాది. ఆయన ఆ కాలేజీ గురించి సంతలో ఎంతమందికి చెప్పినాడో లెక్క లేదు. ఒంటెలాగా తల ఎత్తుకుని తిరుగుతాండాడు. కళ్లారా చూసి వచ్చిన తండ్రి ఈ తాలూకాలో ఇంకెవడన్నా ఉంటే నా మిషను వాడికిచ్చేస్తా.

అంగడి దగ్గరికి రావొద్దని నువ్వు రాసిన మాట చదవలేదు. దాటేసినా. ఎందుకు రాసినావో నాకు అర్థం కాలేదు.

ఖాదర్

---

ప్రొద్దుటూరు,
4-6-1959

ఖాదర్ మామకు,
నమస్కారాలు.

పాసయినా మామా! స్కూలు మొత్తానికి రెండోవాణ్ణి. లెక్కల్లో మొదటివాణ్ణి. బోర్డు మీద నా నంబరు కనిపించలేదు మొదట. కింది నుంచి వెతుక్కుంటూ పోయినా, నంబరు పైన ఉంది. నాన్నకు ఈ ముక్క ముందు చదువు. ఆ తర్వాత మిగతాది.

అనంతపురానికే దరఖాస్తు పెడుతున్నా. నాన్న చూసి వచ్చినాక ఇంక వేరే ఊరి ఆలోచన లేదు. ఫారం నింపి దీంట్లో పెట్టినా. అడుగున ఖాళీ ఉన్న చోట నాన్న వేలిముద్ర వేయించు. పదిహేనో తేదీ లోపల ఆఫీసుకు అందాలంట, అందుకని వేలిముద్ర పడగానే నాకు పంపు. హెడ్మాస్టరు గారి సంతకం కూడా పడాలి.

ఫారమంతా ఇంగ్లీషులోనే ఉంది. చదివి వినిపించే కష్టం నువ్వు పెట్టుకోవద్దు. ముద్ర ఎక్కడ వేయాలో చూపిస్తే చాలు.

సీటు వస్తుందంటావా? తొంభై సీట్లకు ఆరేడు వందల మంది పెడతారంట. హెడ్మాస్టరు గారు "నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది" అంటారు. ఆయన అట్ల అన్నప్పుడల్లా నా మార్కులు మళ్లా కూడి చూసుకుంటా.

సిద్దయ్య

---

జమ్మలమడుగు,
8-6-1959

సిద్దయ్యకు,

నీ ఫారం దీంట్లో ఉంది. వేలిముద్ర పడింది. ఎట్ల పడిందో చెప్తా, విను.

నువ్వు రెండోవానిగా పాసైనావని చదవగానే మీ నాయన లేచి నిలబడినాడు. ఎందుకు నిలబడినాడో ఆయనకే తెలియదు, మళ్లా కూర్చున్నాడు. ఫారం ఇచ్చి, ఈడ ముద్ర వెయ్యి బావా అన్నా. "ఉండు. నా కొడుకు ఏం రాసినాడో ఇనాల. అంతా సదువు" అన్నాడు. ఇంగ్లీషు గదా అన్నా. "బళ్లారిలో మిలిట్రీ వాళ్లకు పదేండ్లు గుడ్డలు కుట్టినోనివి, ఆ మాత్రం రాదా?" అన్నాడు. నాకు వస్తుందని ఆయనకు గుర్తుంది. నీకే గుర్తు లేదు.

చదువుకుంటూ పోయినా. పేరు, పుట్టిన తేదీ, ఊరు, కులం, తండ్రి పేరు. ఒక్కొక్కదానికీ తల ఊపినాడు. ఆరో గడి తండ్రి వృత్తి. అక్కడ నువ్వు అగ్రికల్చర్ అని రాసినావు.

చదవడం ఆపినా. మీకు ఎక్కడుందిరా సేద్యం? సెంటు భూమి ఉందా? ఆయన నా ముఖమే చూస్తాండాడు. "నా గురించి ఏం రాసినాడు?" అన్నాడు. గొర్రెల కాపరి అని రాసినాడు బావా అని చదివేసినా.

ఆయన ముఖం నువ్వు చూసుండాల. పక్కన గుండీలు కుట్టించుకోవడానికి కూర్చున్న ఆయప్ప భుజం పట్టి ఊపి, "ఇన్నావా? గౌరుమెంటు కాగితంలో మమ్మల్ని రాసినాడు. గొర్లోల్లమని ఇంగిలీసులో రాసినాడు నా కొడుకు" అన్నాడు. అంగట్లో ఉన్న నలుగురికీ సోడాలు తాపించినాడు. బొటనవేలు కంబళికి మూడుసార్లు తుడుచుకుని ముద్ర వేసినాడు.

ఇరవై ఏండ్లుగా ఊరి జాబులు చదువుతాండా. చావు కబురు చావు కబురుగానే చదివినా. తిట్టు ఉంటే తిట్టే చదివినా. ఒక్క మాట మార్చి చదివింది ఇదే. నీ మీద కోపంగా ఉంది, నా మీద ఇంకా కోపంగా ఉంది. కాగితం నీది. ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

ఖాదర్

---

ప్రొద్దుటూరు,
11-6-1959

మామా,

నీ జాబు తానుల వెనకకు పోయి చదువుకున్నా. చదివి ఏడ్చినా. అంగటాయన ఏమైందని అడిగితే కంట్లో దూది పడిందన్నా. ఆయనకూ అబద్ధమే చెప్పినా.

ఎందుకు రాసినానో చెప్తా. హెడ్మాస్టరు గారి గదిలో ముగ్గురం కూర్చుని ఫారాలు నింపుతున్నాం. నా ఎడమ పక్కవాడు ఆ గడిలో ప్లీడరు అని రాసినాడు. కుడి పక్కవాడు మర్చంటు అని రాసినాడు. రాసి ఇద్దరూ నా కాగితం వైపు చూసినారు. నా చెయ్యి దానంతట అదే రాసింది అనబోయినా, కానీ చేతి మీద పెట్టను. నేనే రాసినా. హాస్టల్లో చేరిన కొత్తలో నా కంబళి వాసనొస్తుందని ముగ్గురు చాపలు దూరంగా జరుపుకున్నారు. మూడేండ్లయింది. అది మర్చిపోయినా అనుకున్నా, మర్చిపోలేదు. నాన్న అంగడి దగ్గరికి రావద్దని నేను రాసింది కూడా అందుకే. నీకు అర్థం కాలేదన్నావు గదా, ఇప్పుడు అర్థం చేసుకో, తిట్టు.

ఆయన చూసి వచ్చిన కాలేజీకి ఆయన్ని దాచిపెట్టి పోవాలనుకున్నా. సోడాలు తాపించినాడన్న చోట నుంచి ముందుకు చదవలేకపోయినా మామా.

ఇప్పుడు చేసింది చెప్తా. కొత్త ఫారం కోసం అడిగినా. లేవంట. అదే ఫారంలో ఆ మాట కొట్టేసి, పైన గొర్రెల పెంపకం అని రాసినా. కానీ ఫారం వెనక ఒక నిబంధన అచ్చు వేసినారు. కొట్టివేతలు ఉంటే వాటి పక్కన తండ్రి సంతకమో ముద్రో ఉండాలి, లేకుంటే దరఖాస్తు చెల్లదు. నాన్న కోసం వద్దామంటే మంద ఏ ఊరికి మారిందో తెలియదు, నాలుగు రోజులే గడువు. హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. "ముందున్నదే ఉంచితే ఏం పోయేదిరా? ఎవరు చూడొచ్చేవాళ్లు?" అన్నారు. పక్కన నా సంతకమే పెట్టి, జరిగింది ఒక తెల్లకాగితం మీద రాసి, రెండూ కలిపి రిజిస్టరు పోస్టులో పంపించినా. ఒక్క మాటకు సీటు పోవచ్చు. పోతే పోనీ అని రాయాలని ఉంది, కానీ అట్ల అనిపించడం లేదు. చానా భయంగా ఉంది.

ఈ జాబు నాన్నకు చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు. ఈసారి ఏదీ దాటెయ్యొద్దు.

సిద్దయ్య

---

జమ్మలమడుగు,
20-6-1959

అల్లుడు సిద్దయ్యకు,

నీ జాబు వారం రోజులు మిషను సొరుగులో పెట్టుకున్నా. మొన్న బేస్తవారం చదివినా. అక్షరం వదల్లేదు. కంబళి వాసన కూడా వదల్లేదు.

మీ నాయన చివరిదాకా విన్నాడు. చాలాసేపు కత్తెర తీసి చూస్తా కూర్చున్నాడు. నీ మీద కేకలేస్తాడనుకున్నా. నా మీద పడినాడు.

"వాడు తప్పు రాసినాడు, సరే. పిల్లోడు. నువ్వు తప్పు సదివినావే, నీకు గడ్డం నెరిసింది గదా! నేను సోడాలు తాపిస్తాంటే నువ్వు కూడా ఒకటి తాగితివి!"

ఏం చెప్పేది? తాగిన మాట నిజం. నీకు బాధ కలుగుతుందని అట్ల చదివినా బావా అన్నా. "నా బాధ నాది. దాన్ని నువ్వు యాడ దాస్తావు?" అన్నాడు. అప్పటి నుంచి నేను చదివిన జాబును పక్క అంగటి ఇక్బాల్ దగ్గరికి పట్టుకపోయి మళ్లా చదివించుకుంటాండాడు. నిన్న ఆయన చెల్లెలు రాయించిన జాబు వస్తే, దాంట్లో ఉండేది రెండు పంక్తులు, అది కూడా ఇద్దరి చేత చదివించినాడు. సంతంతా నన్ను చూసి నవ్వుతాంది. నాకు కావలసిందే.

నీకు రాయమని చెప్పింది ఇది. రాసినాక ఇక్బాల్ చూసి సరే అంటేనే పోస్టులో వెయ్యాలంట.

"సిద్దా. నాకు బాధ కాలేదని అనను. అయింది. ఆ రాత్రంతా ఎవురితో మాట్లాడబుద్ధి కాలే. మా వాసన నాకు తెలీదనుకుంటివా? బస్సులో నా పక్కన ఎవురూ కూసోరు. అది వాళ్ల కర్మ. ఈ గొర్ల మీదే మీ అక్క పెండ్లి అయింది, నీ ఫీజు కట్టినా. అయితే కొట్టేసినావు సూడు, దుడ్లు పెట్టి కొన్నా దొరకదు ఆ ధైర్నం. భయపడతా కొట్టేసినావంట, అది ఇంకా బాగుండాది. సీటు రాకపోతే వచ్చే ఏడు రాయి. అప్పుడు మొదటే సక్కగా రాయి."

ఇక్బాల్ చూసినాడు. సరే అన్నాడు.

ఖాదర్

---

ప్రొద్దుటూరు,
29-6-1959

మామా, కాలేజీ నుంచి కార్డు వచ్చింది. సీటు అని లేదు, లేదని కూడా లేదు. దరఖాస్తులో కొట్టివేత ఉన్నందున జూలై ఆరో తేదీ పొద్దున పదింటికి తండ్రితో సహా హాజరు కావాలి, ఆ తర్వాతే నిర్ణయం అని ఉంది.

నాన్న ఐదో తేదీకి ప్రొద్దుటూరు చేరేటట్టు కబురు పంపు. అంగడి దగ్గరికే రమ్మను. పక్క అంగళ్లవాళ్లకు కూడా చెప్పి పెట్టినా, మా నాన్న వస్తాన్నాడని. బట్టలు మార్చుకోమని నువ్వు చెప్పొద్దు. ఎట్లుంటే అట్లే రమ్మను.

సిద్దయ్య

---

పులివెందుల,
9-7-1959

ఖాదర్ మామకు,
సిద్దయ్య నమస్కారాలు.

ఇంటికి వచ్చినాం. నాన్న మందను మళ్లించుకు రావడానికి రేపు అటే వస్తాడు, ఆయన నోటితో విందువులే. కానీ ఆయన నీకు అంతా సరిగా చెప్పడని రాస్తాన్నా. తన సంగతి తగ్గించి, నాది పెంచి చెప్తాడు.

నువ్వు కబురు అందగానే సైకిలు మీద మూడు ఊళ్లు తిరిగి మందను పట్టుకున్నావంట. నాన్న చెప్పినాడు. అంగడికి ఆయన కంబళి భుజాన వేసుకుని, చేతిలో కట్టెతో వచ్చినాడు. అంగటాయన స్టూలు వేసినాడు. మా నాన్న అని అందరికీ చెప్పినా.

కాలేజీలో ఒక పెద్ద హాలు. ఇరవై మంది దాకా తండ్రులు ఉన్నారు. కోట్లు, కండువాలు, గొడుగులు. మమ్మల్ని పిలిచేదాకా నేను గోడకు ఆనుకున్నా. నాన్న మాత్రం కట్టె బయట పెట్టి వచ్చి, హాలు మధ్యలో నిలబడి కప్పు వైపు చూసి, "పోయినసారి లోపలికి రానియ్యలే. లోపల కూడా బాగుండాదే" అన్నాడు. పది మంది తిరిగి చూసినారు. నాకు తల దించుకోవాలనిపించలేదు మామా, నీ మీద ఒట్టు.

బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కళ్లద్దాల సారు నా ఫారం తీసి, నేను కొట్టేసిన చోట వేలు పెట్టినారు.

"ఇక్కడ మీ అబ్బాయి ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాశాడు. మీకు తెలుసా?"

"తెల్సు సార్. అయితే నాకు ఒకరు ఒకతీరుగా సదివినారు, మల్లా ఇంగొకతీరుగా సదివినారు. మీరు సదవండి, ఇంటా."

సారు నవ్వలేదు. కళ్లద్దాలు సర్దుకుని, "కొట్టేసింది వ్యవసాయం. రాసింది గొర్రెల పెంపకం" అన్నారు.

"రెండోది ఇంగొకసారి సదవండి సామీ."

ఈసారి ఆయన గట్టిగా చదివినారు. తండ్రి వృత్తి, గొర్రెల పెంపకం. హాలు వెనకదాకా వినిపించింది. కోట్లవాళ్లంతా విన్నారు.

"అదే నిజం సార్" అన్నాడు నాన్న. "మాకు సెంటు భూమి లేదు. మా తాత మేపినాడు, మా నాయన మేపినాడు, నేను మేపుతాండా. నూట ముప్పై గొర్లుండాయి. వీడు మాత్రం లెక్కలు సదువుతాడు."

సారు నా వైపు తిరిగినారు. "ముందు ఎందుకట్లా రాశావు?"

"సిగ్గుపడి రాసినా సార్."

"మరి ఎందుకు కొట్టేశావు? ఉంచితే మాకు తెలిసేది కాదుగా?"

"గొర్రెల కాపరి అని రాసినానని మా నాన్నకు ఎవరో చెప్పినారు సార్. ఆయన చానా సంతోషపడినాడంట."

సారు సిరా దిండు నాన్న వైపు జరిపి, కొట్టేసిన చోట పక్కన చూపించినారు. నాన్న వేలు అద్ది నొక్కినాడు. నొక్కి, ఇంకా తియ్యలేదు. "చాలు యల్లయ్య గారూ, పడింది" అన్నారు సారు. నాన్నను గారూ అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత నా మార్కుల కాగితం చూసి, పక్కాయనతో ఏదో మాట్లాడి, ఎర్ర సిరాతో పైన రాసినారు. పీయూసీ, లెక్కల గ్రూపు, చేర్చుకోవచ్చు.

వచ్చినాక అమ్మకు చెప్తే ఫారం ముట్టుకుని చూస్తానంది. అది కాలేజీ వాళ్లు ఉంచుకున్నారన్నా. అట్లయితే పొయ్యి మీద పాలు ఉన్నాయి, నువ్వు ముట్టుకుని వచ్చిన చేత్తో వంచుకొని తాగు అంది. తాగినా.

ఇప్పుడు నీకు సంబంధించినది. కాలేజీ బయటికి వచ్చి నాన్న ముందు కట్టె తీసుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఖాదరుకు రాయి. ఆ పొద్దు వాని మీద కేకలేసినా. వాడు తప్పు సదవలేదురా. రవంత ముందుగా సదివినాడు, అంతే."

ఇట్లు,
నీ అల్లుడు,
గొర్రెల యల్లయ్య కొడుకు
సిద్దయ్య